ఎండ, రంగు, యాప్‌లో ఫొటో: గే, బై కుర్రాళ్లకు ఒక చర్మం డాక్టరు చెప్పే అపోహలు - వాస్తవాలు

అనంతపురంలో చర్మవ్యాధుల డాక్టరుగా పనిచేస్తున్నాను. గే (మగవాళ్లను ఇష్టపడే), బై (ఆడ, మగ ఇద్దరినీ ఇష్టపడే) కుర్రాళ్లు నా దగ్గరికి చాలామందే వస్తారు కానీ ఆ మాట మొదటి రోజే చెప్పేవాళ్లు తక్కువ. మూడోసారో నాలుగోసారో వచ్చినప్పుడు, తలుపు వేసి ఉందో లేదో ఒకసారి వెనక్కి చూసుకుని, అప్పుడు చెబుతారు. ఇది ముఖ్యంగా వాళ్ల కోసం.

అపోహ: ట్యానింగ్ తెల్లవాళ్ల గొడవ, మనకేం సంబంధం?

వాస్తవం: ముందు అక్కడి సంగతి వినండి. అతినీలలోహిత దీపాలున్న పెట్టెలో పడుకుని ఒంటికి గోధుమరంగు తెచ్చుకునే ట్యానింగ్ బెడ్లను గే, బై మగవాళ్లు మిగతా మగవాళ్ల కంటే ఎక్కువగా వాడుతున్నారని, చర్మ క్యాన్సర్ కూడా వాళ్లలోనే ఎక్కువని కాలిఫోర్నియా ఆరోగ్య సర్వేల ఆధారంగా 2015లో వచ్చిన ఒక అధ్యయనం చెప్పింది. ఈ బెడ్లను ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన క్యాన్సర్ పరిశోధన విభాగం 2009లోనే పొగాకు ఉన్న, క్యాన్సర్ తెచ్చేవాటి జాబితాలో చేర్చింది, అదే ఏడు బ్రెజిల్ వాటిని నిషేధించింది. గే అయినంత మాత్రాన చర్మంలో తేడా ఏమీ ఉండదు. ఒళ్లు చూసి మార్కులు వేస్తారన్న టెన్షన్ వాళ్లను ఆ పెట్టెలోకి తోస్తోంది. ఆ టెన్షన్ మన కుర్రాళ్లకూ అంతే ఉంది, కాకపోతే అక్కడ రంగు ఎక్కించుకోవాలని, ఇక్కడ దించుకోవాలని. "సార్, డేటింగ్ యాప్‌లో నా ఫిల్టర్ ఫొటో చూసి కలవడానికి వస్తారు, నన్ను చూసి ఐదు నిమిషాల్లో ఏదో పనుందని వెళ్లిపోతారు" అని ఒక అబ్బాయి చెప్పినప్పుడు నాకు చాలా బాధేసింది, ఎందుకంటే అతని ముఖంలో చర్మవ్యాధి ఏదీ లేదు, చక్కటి చామనఛాయ, అంతే.

అపోహ: మెడికల్ షాపులో అడిగితే ఇచ్చే ట్యూబు ట్యాన్ తీసేస్తుంది.

వాస్తవం: నా ఓపీలో నాకు ఎక్కువ కోపం తెప్పించేది ఇదే. చీనీ తోటలో పొద్దంతా పనిచేసే కుర్రాడు, బైక్ మీద ధర్మవరం తిరిగే మార్కెటింగ్ కుర్రాడు, ఇద్దరి జేబుల్లోనూ అదే ట్యూబు, పేరు చెరిగిపోయేదాకా పిండి పిండి వాడింది. అందులో ఉండేది బీటామెథసోన్, క్లోబెటసాల్, మొమెటసోన్ లాంటి స్టెరాయిడ్, చాలాసార్లు దానికి తోడు రంగు తగ్గించే హైడ్రోక్వినోన్, మొటిమలకు వాడే ట్రెటినాయిన్. మొదటి వారం రెండు వారాలు ముఖం నున్నగా, తెల్లగా అవుతుంది, ఫొటోలు బాగా వస్తాయి, ఇంకో నలుగురికి ఆ ట్యూబు పేరు చెబుతారు. కొన్ని నెలలు పోయాక చెంపల చర్మం పలచబడి ఎర్రటి సన్న నరాలు బయటికి కనిపిస్తాయి, మొటిమలు గుంపులుగా లేస్తాయి, చెవుల ముందు నూగు వెంట్రుకలు పెరుగుతాయి. మానేస్తే ముఖానికి పచ్చిమిరపకాయ నూరి పూసినట్టు మంట, అందుకే మళ్లీ అదే రాస్తారు. పైగా పలచబడిన చర్మానికి ఎండ ఇంకా గట్టిగా తగులుతుంది, అంటే ఏ ట్యాన్ పోవాలని మొదలుపెట్టారో అదే ముదురుతుంది. స్టెరాయిడ్ పూతమందుల్లో 14 రకాలను డాక్టరు చీటీ లేకుండా అమ్మకూడదని కేంద్రం 2018లో చెప్పింది, అయినా కౌంటర్ మీద అడిగితే దొరుకుతూనే ఉన్నాయి. లేబుల్ లేని డబ్బా క్రీములైతే ఇంకో ప్రమాదం, వాటిలో పాదరసం ఉండొచ్చు. 2023లో కేరళలోని మలప్పురం జిల్లాలో ఇలాంటి క్రీములు రాసుకున్న కొందరికి కిడ్నీలు దెబ్బతిన్నాయి.

అపోహ: ఇంజెక్షన్ అయితే సేఫ్.

వాస్తవం: తెల్లబడటానికి గ్లుటాథయోన్, నల్లబడటానికి మెలనోటాన్, రెండూ వద్దు. మెలనోటాన్ పుట్టుమచ్చల రూపు మార్చేస్తుంది, కొందరికి అంగం గంటల తరబడి గట్టిపడి ఎమర్జెన్సీకి పరుగెత్తాల్సి వస్తుంది. జిమ్‌లో ఎవరైనా ఇస్తామంటే తీసుకోకండి.

అపోహ: నల్లగా ఉన్నవాళ్లకు సన్‌స్క్రీన్ దండగ.

వాస్తవం: మన రంగు మనకు కొంత కాపు కాస్తుంది, తెల్లవాళ్లతో పోలిస్తే చర్మ క్యాన్సర్ మనకు చాలా తక్కువ, అది నిజం. కానీ మంగు, మొటిమల తర్వాత మిగిలే నల్లమచ్చలు మనకే ఎక్కువ, వాటిని ఎండ ఇంకా ముదరబెడుతుంది. ఎస్పీఎఫ్ 30 చాలు, ముఖానికీ మెడకూ కలిపి రెండు వేళ్ల పొడవున తీసుకుని రాయండి, ఎండలో ఉంటే రెండు మూడు గంటలకోసారి మళ్లీ. బస్సు కిటికీ అద్దం మూసి ఉన్నా ఎండలోని అతినీలలోహిత కిరణాల్లో కొన్ని లోపలికి వస్తాయి. ఏప్రిల్, మే నెలల్లో మధ్యాహ్నం పూట తువ్వాలు కప్పుకోవడం అన్ని క్రీముల కంటే మేలు. అరికాలిలో, గోరు కింద కొత్తగా నల్లచార గానీ మచ్చ గానీ పెరుగుతుంటే మాత్రం చూపించుకోండి, మన రంగువాళ్లకు మెలనోమా అనే చర్మ క్యాన్సర్ ఎక్కువగా వచ్చే చోట్లు అవే.

అపోహ: గే అని డాక్టరుకు చెబితే ఇంట్లో తెలిసిపోతుంది.

వాస్తవం: రోగి చెప్పింది బయటపెట్టకూడదన్నది మా వృత్తి నియమం, పద్ధెనిమిది దాటినవాళ్ల సంగతి అమ్మానాన్నలకు చెప్పే హక్కు నాకు లేదు. పద్ధెనిమిది దాటిన ఇద్దరు ఇష్టపడి కలిస్తే, ఇద్దరూ మగవాళ్లైనా అది నేరం కాదని సుప్రీంకోర్టు 2018 సెప్టెంబరు 6న తేల్చేసింది. కొందరు డాక్టర్లు మొహం చిట్లిస్తారని నాకు తెలుసు, అలా చేస్తే ఇంకో డాక్టరు దగ్గరికి వెళ్లండి గానీ చెప్పడం మానకండి. ఎందుకంటే అరచేతుల్లో వచ్చే దద్దుర్లు ఎలర్జీ కావచ్చు, సిఫిలిస్ అనే సుఖవ్యాధి కావచ్చు, నాకు తెలిస్తేనే సరైన పరీక్ష రాస్తాను. మొటిమలకూ కొన్ని సుఖవ్యాధులకూ ఇచ్చే డాక్సీసైక్లిన్ వేసుకుంటే మామూలు ఎండకే చర్మం కమిలిపోవచ్చు, అదీ ముందే చెప్పాలి కదా. హెచ్ఐవీ పరీక్ష ప్రభుత్వాసుపత్రిలోని ఐసీటీసీలో (హెచ్ఐవీ సలహా, పరీక్షల కేంద్రం) ఉచితం, రహస్యంగానే చేస్తారు.

వచ్చేటప్పుడు ఇన్నాళ్లూ రాసిన ట్యూబులన్నీ, ఖాళీవైనా సరే, సంచిలో వేసుకుని తీసుకురండి. స్టెరాయిడ్ నెలల తరబడి రాసి ఉంటే రేపే మానేయకండి, ఎలా తగ్గించాలో నేను చెబుతాను.