స్లాట్‌లో పట్టినంత మాత్రాన పనిచేయదు: కన్సోల్ స్టోరేజ్‌పై అపోహలు - వాస్తవాలు

“స్లాట్‌లో కరెక్టుగా పట్టిందన్నా, కానీ రావట్లేదు.” విజయవాడ గవర్నర్‌పేటలో మా రిపేరు కౌంటర్ దగ్గర, గేమ్ కన్సోల్‌లో చోటు పెంచుకోవడానికి కొత్త డిస్క్ కొని బిగించినవాళ్ల నుంచి ఈ మాట వినని వారం లేదు. మొన్న శనివారం ఒక్కరోజే ఇద్దరు వచ్చారు. ఒకరు పటమట నుంచి. ఇంకో కుర్రాడు తెనాలి నుంచి, పీఎస్5ని (సోనీ ప్లేస్టేషన్ 5) దుప్పట్లో చుట్టి రైల్లో ఒళ్లో పెట్టుకుని. ఇద్దరూ అడిగిన మొదటి ప్రశ్న ఒకటే: “మూత తీసేటప్పుడు ఏమన్నా పాడుచేశానా?”

మూత తీయడంలో ఇద్దరూ ఏమీ పాడుచేయలేదు. ఇన్నేళ్లలో ఆ పని దగ్గర కన్సోల్ పోగొట్టుకున్నవాళ్లు నాకు దాదాపు తగల్లేదు. డబ్బు పోయేది స్క్రూడ్రైవర్ పట్టుకున్నప్పుడు కాదు, అంతకు వారం ముందు డిస్క్ కొన్నప్పుడు. జనం భయపడాల్సిన చోట భయపడకుండా, అక్కర్లేని చోట టెన్షన్ పడుతున్నారు. ఇది రాస్తున్నది అందుకే.

అపోహ: ఎం.2 అంటే అన్నీ ఒకటే, స్లాట్‌లో పడితే పనిచేస్తుంది

ఎక్కువమందికి డబ్బు పోయేది ఇక్కడే కాబట్టి కాస్త ఓపిగ్గా చదవండి.

ఎం.2 అనేది స్లాట్‌లో దూర్చే సన్నటి ఎస్‌ఎస్‌డీ డిస్క్ ఆకారానికి పేరు. అంతే. డబ్బా మీద 2280 అని ఉంటే 22 మిల్లీమీటర్ల వెడల్పు, 80 మిల్లీమీటర్ల పొడవు అని అర్థం. “పీఎస్5కి 2280 కావాలట కదా, ఇదిగో 2280” అని తెచ్చేవాళ్లు ఎందరో. ఆ అంకె కొలత చెబుతుంది, లోపలి సరుకు సంగతి చెప్పదు. అదే ఆకారంలో సాటా అనే పాత, నెమ్మది రకం డిస్క్ దొరుకుతుంది, ఎన్‌వీఎంఈ అనే వేగమైన రకంలో జెన్3 (మూడో తరం) దొరుకుతుంది, జెన్4 (నాలుగో తరం) దొరుకుతుంది. పీఎస్5కి కావాల్సింది జెన్4. జెన్5 కొన్నా అందులో జెన్4 వేగంతోనే నడుస్తుంది, పైన పెట్టిన డబ్బు దండగ.

తెనాలి కుర్రాడి డిస్క్‌ను బల్ల మీద పెట్టి, పక్కన నా దగ్గరున్న జెన్4 డిస్క్ పెట్టి చూపించాను. అతని దానికి బంగారు రంగు పిన్నుల వరసలో రెండు చోట్ల గాట్లు. నా దానికి ఒక్కటే గాటు. స్లాట్‌లో ఉండే అడ్డు ఒక్కటే. దానికి దారిచ్చే గాటు రెండింటికీ ఉంటుంది కాబట్టి రెండూ దూరతాయి, స్క్రూ కూడా చక్కగా బిగుస్తుంది. కానీ అతనిది సాటా డిస్క్, అది మాట్లాడే భాష ఆ స్లాట్‌కి రాదు. జెన్3 డిస్క్ అయితే ఇంకా మోసం. దానికీ మామూలుగా ఒకటే గాటు ఉంటుంది, చూస్తే అచ్చం జెన్4లాగే ఉంటుంది. పెట్టి ఆన్ చేశాక, ఈ డిస్క్ వాడలేమని కన్సోల్ చెప్పినప్పుడు తెలుస్తుంది. అప్పటికి సీలు చింపేసి ఉంటాం.

మరి దుకాణంలో ఎలా గుర్తుపట్టాలి? డబ్బా మీద రీడ్ స్పీడ్ చూడండి. 550, 560 ఎంబీ దగ్గర ఉంటే అది సాటా. 3,500 చుట్టుపక్కల ఉంటే సాధారణంగా జెన్3. సోనీ సూచించేది సెకనుకు 5,500 ఎంబీ లేదా అంతకంటే ఎక్కువ. 7,000 దగ్గర కనిపిస్తే నిశ్చింతగా ఉండొచ్చు. దాంతోపాటు పీసీఐఈ 4.0 లేదా జెన్4 ఎక్స్4 అనే మాట డబ్బా మీదే ఉండాలి. “రెండూ సేమ్ అండీ, ఇదే అందరూ తీసుకెళ్తున్నారు” అని కౌంటర్‌లో ఎవరు చెప్పినా వినకండి. డబ్బా తిప్పి మీరే చదవండి. ఆన్‌లైన్‌లో అయితే పేరు ఒకటే ఉండి చివర ఒక్క అక్షరం తేడాతో జెన్3, జెన్4 పక్కపక్కనే ఉంటాయి. ఆర్డర్ పెట్టే ముందు స్పీడ్ అంకె ఇంకోసారి చూసుకోండి.

ఆ కుర్రాడు సంక్రాంతికి మేనమామలు, పెదనాన్న ఇచ్చిన డబ్బులు దాచి కొన్నాడు. ఇంట్లో చెప్పలేదు. సీలు తీశాక వాపసు తీసుకోం అన్నారట అమ్మినవాళ్లు. మాట్లాడుతుంటే గొంతు పూడుకుపోతోంది. “డబ్బు ఎక్కడికీ పోలేదు తమ్ముడూ, కూర్చో” అన్నాను. ఎం.2 సాటా డిస్కులకు యూఎస్‌బీ కేసింగ్ దొరుకుతుంది, ఖరీదు తక్కువే. అందులో వేసి వెనక యూఎస్‌బీ పోర్టుకు తగిలిస్తే, పీఎస్4 గేమ్‌లు అందులోంచే ఆడుకోవచ్చు. పీఎస్5 గేమ్‌లు అందులోంచి ఆడలేం గానీ దాచుకోవచ్చు. ఆడాలనుకున్నప్పుడు లోపలికి కాపీ చేసుకుంటే చాలు, మళ్లీ డౌన్‌లోడ్ చేసే పని ఉండదు. మధ్యాహ్నం రైలుకి వెళ్లేటప్పటికి అతని ముఖం తేటపడింది. మీరూ ఇలాంటి డిస్క్ కొని ఉంటే, తక్కువ ధరకి అమ్మేసుకునే ముందు ఈ దారి చూడండి.

ఇదే అపోహకి ఇంకో రూపం ఉంది: “ఇంట్లో పాత ల్యాప్‌టాప్ డిస్క్ ఉంది, దాన్నే పెట్టేద్దాం.” అది జెన్4 అయితే పనిచేస్తుంది. కానీ పీఎస్5 దాన్ని వాడే ముందు మొత్తం ఫార్మాట్ చేస్తుంది, అంటే అందులో ఉన్నదంతా చెరిపేస్తుంది. ఒక బీటెక్ అబ్బాయి వాళ్లన్నయ్య ల్యాప్‌టాప్‌లోది పీకి ఇలాగే పెట్టాడు. అందులో అన్నయ్య పెళ్లి ఫొటోలున్నాయి. ఇంకెక్కడా కాపీ లేదు. ఇద్దరూ కలిసి వచ్చి నా ముందు నిలబడ్డారు, ఒకరి ముఖం ఒకరు చూసుకోలేదు. ఆ రోజు నేనేమీ చేయలేకపోయాను. ఏ డిస్క్ అయినా కన్సోల్‌లోకి వెళ్లే ముందు అందులో ఏముందో ఇంట్లో అందరినీ అడగండి.

అపోహ: హీట్‌సింక్ లేకపోయినా నడుస్తుంది

మే నెలలో బెజవాడలో మధ్యాహ్నం ఫ్యాన్ కింద కూర్చుంటే మనకే ఊపిరి ఆడదు. టీవీ స్టాండు అరలో ఇరికించిన కన్సోల్ సంగతి ఆలోచించండి. ఎం.2 డిస్క్‌కి హీట్‌సింక్ (వేడిని లాగేసే లోహపు పలక) తప్పనిసరి అని సోనీ స్పష్టంగా చెప్పింది. అది లేకుండా పెట్టినప్పుడు మొదటి రోజు బాగానే ఉంటుంది. వేడెక్కేకొద్దీ డిస్క్ తనంతట తానే వేగం తగ్గించుకుంటుంది. మీరేమో కన్సోల్ పాడైందనుకుంటారు.

అలాగని పీసీలకు వాడే ఎత్తైన హీట్‌సింక్ కొనకండి. హీట్‌సింక్‌తో కలిపి మొత్తం మందం 11.25 మిల్లీమీటర్లు దాటకూడదు. అందులోనూ డిస్క్ బోర్డుకి పైన 8 మిల్లీమీటర్లు, కింద 2.45 మిల్లీమీటర్లు. అది దాటితే స్లాట్ మీది రేకు మూత పట్టదు. హీట్‌సింక్ తగిలించే వచ్చే డిస్కులు కొంచెం ధర ఎక్కువైనా, మొదటిసారి చేసేవాళ్లకి నేను అవే చెబుతాను.

విడిగా కొని మీరే అతికిస్తుంటే రెండు జాగ్రత్తలు. డిస్క్ వేడిని హీట్‌సింక్‌కి చేర్చే మెత్తటి థర్మల్ ప్యాడ్ మీద పల్చటి ప్లాస్టిక్ పొర ఉంటుంది, దాన్ని ఒలిచేయాలి. ఒలవకుండా అతికించినవి నెలకొకటైనా చూస్తాను. డిస్క్ మీదున్న కంపెనీ స్టిక్కర్‌ను మాత్రం పీకకండి. అది పోతే డిస్క్ వారంటీకే ఎసరు.

అపోహ: మూత తీస్తే వారంటీ పోతుంది

పోదు. ఆ స్లాట్ పెట్టిందే మనం వాడుకోవడానికి. 2021 సెప్టెంబర్ అప్‌డేట్‌తో దాన్ని అందరికీ తెరిచారు, ఎలా బిగించాలో సోనీయే బొమ్మలతో చూపించింది. ఇంకా లోపలికి వెళ్లి ఫ్యాన్ వైపు స్టిక్కర్లు చింపితే అది వేరే సంగతి. అక్కడ మీకు పనే లేదు. కన్సోల్‌తో వచ్చే అసలు డిస్క్ బోర్డుకే అతికి ఉంటుంది, దాన్ని ఎవరూ మార్చమనడం లేదు. మొదట వచ్చిన పీఎస్5లో అది 825 జీబీ, అందులో గేమ్‌లకు మిగిలేది 667 జీబీయే కాబట్టి ఈ పాట్లన్నీ.

పని ఇంతే. రెస్ట్ మోడ్‌లో కాదు, పూర్తిగా ఆఫ్ చేసి వైర్లన్నీ తీసేయండి. కాసేపు చల్లారనివ్వండి. మంచం మీద కాకుండా బల్ల మీద తువ్వాలు పరిచి పడుకోబెట్టండి. మీ మోడల్‌కి ఏ పలక తీయాలో సోనీ సైట్‌లో చూసుకోండి, పాతదానికీ, తర్వాత వచ్చిన స్లిమ్ మోడల్‌కీ తీసే తీరు వేరు. చిన్న స్టార్ స్క్రూడ్రైవర్‌తో స్లాట్ మూత తీస్తే లోపల ఒక స్క్రూ, దాని కింద చిన్న రింగులాంటి స్పేసర్ కనిపిస్తాయి. ఆ స్పేసర్‌ను మీ డిస్క్ పొడవున్న గుంత దగ్గరికి, అంటే 2280 అయితే 80 దగ్గరికి మార్చాలి. అది మరిచిపోయి స్క్రూ బిగిస్తే డిస్క్ విల్లులా వంగుతుంది. డిస్క్‌ను ఏటవాలుగా దూర్చి, కిందికి నెమ్మదిగా ఒత్తి, స్క్రూ వేయండి. చెయ్యి వణికినా పర్వాలేదు, స్క్రూ లోపల పడితే కంగారు పడకండి, కన్సోల్‌ను కొంచెం వంచితే జారి వస్తుంది. మళ్లీ ఆన్ చేయగానే ఫార్మాట్ చేయమని అడుగుతుంది. ఆ ఫార్మాట్ కొత్త డిస్క్‌కే. మీ పాత గేమ్‌లు, సేవ్‌లు (ఆట ఎక్కడిదాకా ఆడారో గుర్తుంచుకునే ఫైళ్లు) ఉన్నచోటే ఉంటాయి. ఇక్కడ భయపడి కరెంటు పీకేసినవాళ్లున్నారు, అలా చేయకండి.

మిగతావి త్వరగా చెప్పేస్తాను. కొత్త డిస్క్ వేస్తే గ్రాఫిక్స్ మెరుగవుతాయనేది అబద్ధం, పెరిగేది చోటు మాత్రమే. ఎక్స్‌బాక్స్ సిరీస్ ఎస్, ఎక్స్ అయితే లోపల చెయ్యి పెట్టొద్దు. వెనక ప్రత్యేకమైన కార్డుకి స్లాట్ ఉంది, ఖరీదైనా అదే దారి. యూఎస్‌బీ డిస్క్ మీద పాత తరం గేమ్‌లు ఆడుకోవచ్చు, కొత్త తరంవి దాచుకోవచ్చు. నింటెండో స్విచ్‌కి మామూలు మైక్రో ఎస్‌డీ సరిపోతుంది, స్విచ్ 2లో గేమ్‌లకు మాత్రం మైక్రో ఎస్‌డీ ఎక్స్‌ప్రెస్ రకమే కావాలి. ఇక అతి తక్కువ ధరకి 2 టీబీ, 16 టీబీ అని అమ్మే పెన్‌డ్రైవ్‌లు, చిన్న ఎస్‌ఎస్‌డీలు. వాటిని విప్పి చూపించమంటే చూపిస్తాను, లోపల ఒక చిన్న మెమరీ కార్డు అతికించి ఉంటుంది. ఆ కార్డు నిండేదాకా అన్నీ సరిగ్గానే ఎక్కినట్టు కనిపిస్తుంది, తర్వాత పాత ఫైళ్ల మీదే కొత్తవి రాసుకుంటూ పోతుంది. వాట్సాప్‌లో ఎవరు పంపినా కొనకండి.

అపోహ: పీఎస్4 డిస్క్ మారిస్తే, పాతదాన్ని పీసీకి పెట్టి సేవ్‌లు తీసుకోవచ్చు

మన ఊళ్లో పీఎస్4లు ఇంకా చాలా ఇళ్లలో ఉన్నాయి. అందులో మార్చేది 2.5 అంగుళాల సాటా డిస్క్, మందం 9.5 మిల్లీమీటర్లు మించకూడదు. 15 మిల్లీమీటర్లవి ఆ బ్రాకెట్‌లో పట్టవు. కొత్త డిస్క్ ఖాళీగా ఉంటుంది కాబట్టి సాఫ్ట్‌వేర్ మళ్లీ ఎక్కించాలి. దానికి మామూలు అప్‌డేట్ ఫైల్ చాలదు, రీఇన్‌స్టాల్ ఫైల్ విడిగా ఉంటుంది, అది దాదాపు 1 జీబీ. చోటు మాత్రమే కావాలంటే ఇవన్నీ అక్కర్లేదు. 2017 మార్చి అప్‌డేట్ నుంచి యూఎస్‌బీ డిస్క్ తగిలించి అందులోంచే ఆడుకోవచ్చు.

పాత డిస్క్‌లో ఉన్నదంతా ఆ కన్సోల్‌కి మాత్రమే అర్థమయ్యేలా ఎన్‌క్రిప్ట్ అయి ఉంటుంది. పీసీకి పెడితే విండోస్‌కి ఏమీ అర్థంకాక “ఫార్మాట్ చేయాలా?” అని అడుగుతుంది. అక్కడ అవునని నొక్కితే ఏళ్ల తరబడి ఆడినదంతా పోతుంది.

క్రితం ఏడాది సత్యనారాయణపురం నుంచి ఒకావిడ ఫోన్ చేశారు. కొడుకు చదువుకి అమెరికా వెళ్లాడు. మేనల్లుడు ఆ పీఎస్4కి పెద్ద డిస్క్ వేశాడు, తర్వాత పాతదాన్ని కంప్యూటర్‌కి పెట్టాడు. “ఫార్మాట్ చేయమంటోంది బాబూ, మావాడి గేమ్‌లున్నాయి, నొక్కమంటారా?” అని అడిగారు. “నొక్కకండమ్మా, వైరు తీసేసి అలాగే తీసుకురండి” అన్నాను. గంటలో వచ్చారు. డిస్క్‌ను పసుపు గుడ్డలో చుట్టి, చేతిసంచిలో అడుగున పెట్టుకుని తెచ్చారు.

ఆ డిస్క్‌ను మళ్లీ అదే పీఎస్4లో బిగించాను. సాఫ్ట్‌వేర్ అప్‌డేట్ అడిగింది, చేశాను. కొడుకు పేరుతో ఉన్న ప్రొఫైల్ వచ్చింది. సెట్టింగ్స్‌లో సేవ్ డేటా విభాగంలోకి వెళ్లి అన్నీ ఎంచి పెన్‌డ్రైవ్‌కి కాపీ చేశాను. పీఎస్4లో ఇది ఉచితం, నెలవారీ చందా ఏమీ అక్కర్లేదు. (పీఎస్5 గేమ్‌ల సేవ్‌లను ఇలా విడివిడిగా ఎంచి యూఎస్‌బీకి కాపీ చేయలేం, అలా దాచుకోవాలంటే చందా కట్టే పీఎస్ ప్లస్ క్లౌడ్ కావాలి.) ఆ తర్వాతే కొత్త డిస్క్ వేసి, సాఫ్ట్‌వేర్ ఎక్కించి, పెన్‌డ్రైవ్ నుంచి సేవ్‌లు తిరిగి లోపల పెట్టాను.

కాపీ అవుతున్నంతసేపూ ఆవిడ స్టూలు మీద కూర్చుని స్క్రీన్ వంకే చూశారు. క్రికెట్ గేమ్ పేరు కనిపించగానే “ఇదే, వీళ్ల నాన్నతో ఆడేవాడు” అన్నారు. పాత డిస్క్ ఏం చేయమంటారని అడిగితే, దాని మీద తేదీ రాసి బీరువాలో పెట్టుకోమన్నాను.