కోటి రూపాయల టికెట్ వెనుక: తిరుపతిలో వైద్యదానం నడిచిన దారి

2021 డిసెంబరులో తిరుమల తిరుపతి దేవస్థానం ఖాళీగా ఉన్న 531 ఉదయాస్తమాన సేవా (రోజంతా జరిగే సేవల్లో పాల్గొనే) టికెట్లను దాతలకు ఇస్తామని ప్రకటించింది. మామూలు రోజుకు కోటి రూపాయలు, శుక్రవారానికి కోటిన్నర. ఆ డబ్బు తిరుపతిలో కట్టబోయే పిల్లల ఆసుపత్రికి. స్వామి సేవకు రేటు కట్టారని గొణిగినవాళ్లు ఉన్నారు. డబ్బున్నోళ్ల డబ్బు పసిబిడ్డల వైద్యానికి పోతుంటే తప్పేముందన్నవాళ్లూ ఉన్నారు. ఇరుపక్షాలూ దీన్ని కొత్త వింతగానే చూశాయి. కానీ ఇచ్చినవాడికి గుడి నుంచి ఏదో ఒకటి తిరిగి దక్కడం ఇక్కడ ఐదారు వందల ఏళ్ల నాటి ఆనవాయితీ.

విజయనగర రాజుల కాలపు తిరుమల శాసనాలు చూస్తే ఆ లెక్క తెలుస్తుంది. దాత గుడి భండారంలో కొంత సొమ్ము జమచేస్తాడు. గుడి దాన్ని పెట్టెలో దాచదు. దేవస్థానం ఊళ్లలో చెరువులు, కాలువలు తవ్విస్తుంది. నీళ్లొచ్చి పెరిగిన పంటలోంచి దాత కోరిన నైవేద్యం ఏటా జరుగుతుంది. ఆ ప్రసాదంలో నాలుగో వంతు దాతకు. నన్ను అడిగితే ఇందులో అసలు తెలివి ప్రసాదం వాటాలో లేదు, కాలువలో ఉంది. దాత పోయినా, అతని మనవలు పోయినా కాలువ పారినంత కాలం ఖర్చుకు డబ్బు పుడుతూనే ఉంటుంది.

వైద్యంలో ఈ రోజువారీ ఖర్చు సంగతి అప్పటి చిత్తూరు జిల్లాకు బాగా తెలిసివచ్చింది మదనపల్లె దగ్గర. 1912లో క్రైస్తవ మిషన్లు కొన్ని కలిసి అక్కడ క్షయ శానిటోరియం మొదలుపెట్టాయి. మూడేళ్లకు అది ఊరి బయట ఆరోగ్యవరానికి మారింది. డెన్మార్క్ నుంచి వచ్చిన డాక్టర్ క్రిస్టియన్ ఫ్రీమోడ్ట్ మోలర్ మొదటి సూపరింటెండెంట్. టీబీకి అప్పటికి మందు లేదు. స్ట్రెప్టోమైసిన్ కనిపెట్టడానికి ఇంకా ముప్పై ఏళ్లుంది. మంచి గాలి, విశ్రాంతి, బలమైన తిండి, వీటినే నమ్ముకుని రోగి నెలల తరబడి మంచం మీద ఉండాలి. అంటే ఒకసారి భవనం కట్టించి రిబ్బన్ కత్తిరించి వెళ్లిపోతే సరిపోయే పని కాదు. పాలు, గుడ్లు, దుప్పట్లు, నర్సుల జీతాలు ఏడాది పొడవునా కావాలి. మిషన్లు ఒక్కొక్కటిగా కాక కలిసి పూనుకోవడానికి ఈ భారం కూడా ఒక కారణమై ఉండాలి. ఆ పునాది గట్టిది కాబట్టే 1948లో దేశంలో క్షయ రాకుండా వేసే బీసీజీ టీకా తొలిసారి వేసిన చోట్లలో మదనపల్లె ఒకటైంది. క్షయ తగ్గుముఖం పట్టాక శానిటోరియం జనరల్ ఆసుపత్రిగా మారి ఇప్పటికీ నడుస్తోంది.

తిరుపతి పట్టణంలో కథ వేరే. 1933లో దేవస్థానం అప్పటిదాకా దాన్ని చూసుకున్న మఠాధిపతుల, అంటే మహంతుల చేతి నుంచి చట్టం కింద ఏర్పడ్డ కమిటీకి వచ్చింది. 1960లో ఎస్వీ మెడికల్ కాలేజీ వచ్చింది. దాని బోధనాసుపత్రికి బొంబాయి వ్యాపారి రాంనారాయణ్ రుయా పేరు పెట్టారు, ఆ కుటుంబం ఇచ్చిన విరాళానికి గుర్తుగా. ఇవాళ చుట్టుపక్కల పల్లెల వాళ్లకు అది ఉత్త 'రుయా'. అదొక మనిషి పేరని చాలామందికి తెలియదు. దాతకు ఇంతకన్నా పెద్ద శిలాఫలకం దొరకదు.

1985లో దేవస్థానం ఎముకలు, కీళ్ల వైద్యానికి బర్డ్ ఆసుపత్రి పెట్టింది. అప్పట్లో పోలియో కాళ్ల పిల్లలను ఎత్తుకుని తల్లిదండ్రులు ఎక్కడెక్కడి నుంచో అక్కడికి వచ్చేవారు. 2014లో దేశం పోలియో లేనిదైంది. బర్డ్ ఇప్పుడు ఎక్కువగా మోకాలి చిప్పలు, తుంటి కీళ్లు మారుస్తోంది. అదే ఆవరణలో 2021 అక్టోబరులో పిల్లల గుండె ఆసుపత్రి తెరిచారు (టికెట్ల డబ్బుతో కట్టాలనుకున్నది వేరు). 1993లో మొదలైన దేవస్థానం పెద్దాసుపత్రి స్విమ్స్ రెండేళ్లకే యూనివర్సిటీ అయింది. పేదల పెద్ద జబ్బుల కోసం దేవస్థానం పెట్టిన ప్రాణదాన ట్రస్టు ఉంది, స్విమ్స్ కోసం ఆరోగ్య వరప్రసాదిని పథకం ఉంది. దాతలకు దర్శనం, గది, ప్రసాదం లాంటివి ఇచ్చిన మొత్తాన్ని బట్టి దక్కుతాయి. పాత నాలుగో వంతుకు ఇది కొత్త రూపం.

కాలువ స్థానంలోకి మాత్రం బ్యాంకు డిపాజిట్ వచ్చింది. దేవస్థానం అన్నప్రసాదం ట్రస్టులోనూ పద్ధతి అదే, అసలు ముట్టకుండా వడ్డీతో ఖర్చు నడపడం. 1990ల్లో లక్ష రూపాయల డిపాజిట్‌కు ఏడాదికి పదివేల పైనే వచ్చేది. 2021 నాటికి అది ఐదున్నర వేల దగ్గరికి దిగింది. ఈ మధ్యలో స్టెంటు, సిరంజి, నర్సు జీతం దేని ధరా దిగలేదు. పేరున్న ట్రస్టులు కొత్త దాతలతో ఈ గండం దాటేస్తాయి. చిన్నవాటికి అంత సులువు కాదు.

బయటి పెద్ద ట్రస్టులు కూడా వచ్చాయి. దేవస్థానం ఇచ్చిన స్థలంలో టాటా ట్రస్ట్స్ కట్టిన క్యాన్సర్ ఆసుపత్రిని 2022 మేలో తెరిచారు. మదురై అరవింద్ కంటి ఆసుపత్రి శాఖ అంతకుముందే వచ్చింది. 2014 నుంచి పెద్ద కంపెనీలు లాభంలో రెండు శాతం సామాజిక బాధ్యత కింద ఖర్చుపెట్టాల్సి రావడంతో దానానికి కొత్త పద్దు తోడైంది. కంపెనీకి ఫొటో కావాలి కదా, అందుకే స్కానింగ్ మిషన్‌కు దొరికినంత సులువుగా ఆయా జీతానికి డబ్బు దొరకదు. ఆసుపత్రి వరండాలో ఫ్యాను రెక్క మీద 'కీర్తిశేషులు ఫలానావారి జ్ఞాపకార్థం' అని రాసి ఉంటుంది. ఆ ఫ్యాను కాలిపోతే రీవైండింగ్‌కు దాత దొరకడు.

ఇక స్థానిక సంస్థలు. 1981లో రాయలసీమ సేవా సమితిగా పుట్టి తర్వాత రాష్ట్రీయ సేవా సమితి అయిన 'రాస్' తిరుపతి కేంద్రంగా పల్లెల్లో పిల్లలు, మహిళలు, వృద్ధుల కోసం పనిచేస్తూ వచ్చింది. ఇలాంటి సంస్థల్లో విదేశీ విరాళాలు తీసుకునేవాటికి 2020 చట్ట సవరణ గట్టిగానే తగిలింది. విదేశాల నుంచి వచ్చిన డబ్బు మరో సంస్థకు ఇవ్వకూడదు, ఆఫీసు ఖర్చులు ఇరవై శాతం దాటకూడదు, డబ్బు మొదట ఢిల్లీ స్టేట్ బ్యాంకు శాఖలోని ఖాతాకే రావాలి. పెద్ద సంస్థ తెచ్చిన నిధిలోంచి ఊళ్లోని చిన్న సంఘానికి కొంత పంచే దారి దాంతో మూసుకుపోయింది. 

మిగిలింది ఊరి వాళ్ల చందాలతో నడిచే ఉచిత వైద్య శిబిరాలు. ఆదివారం పొద్దున హైస్కూల్లో బెంచీలు జరిపి బీపీ, షుగర్ చూస్తారు, వారానికి సరిపడా మాత్రలు కాగితపు కవరులో ఇస్తారు. ఎనిమిదో రోజు సంగతి ఎవరూ రాసుకోరు. ఆ మాత్రలు ప్రభుత్వ పీహెచ్‌సీలో ఊరికే ఇస్తారు. శిబిరంలో తేలిన పేర్ల జాబితాను ఏఎన్ఎం చేతిలో పెట్టడానికి పైసా ఖర్చు కాదు. ఈ సంఘాలు ఫ్లెక్సీ ప్రింటింగ్‌కు ఇచ్చే ముందు పీహెచ్‌సీ డాక్టరుతో ఒకసారి మాట్లాడుకుంటే చాలు.