యూరప్‌లో చదువుతూ ఊళ్లు తిరగడం: అపోహలు, వాస్తవాలు

జర్మనీలో మాస్టర్స్ చేసి, ఇప్పుడు ఇక్కడే ఒక యూనివర్సిటీలో విదేశీ విద్యార్థుల వ్యవహారాలు చూసే ఆఫీసులో పనిచేస్తున్నాను. సెమిస్టర్ సెలవులు వస్తున్నాయంటే చాలు, మన పిల్లలు ప్రయాణాల సందేహాలతో ఫోన్లు మొదలుపెడతారు. కొందరు తాము ఇంకా టూరిస్టులమే అనుకుంటారు. కొందరైతే యూరప్ పౌరులమే అయిపోయామనుకుంటారు. రెండూ కాదు, మీరు ఇక్కడి నివాసులు. అనుకోని లాభాలైనా, జేబుకు చిల్లు పెట్టే ఖర్చులైనా ఎక్కువగా ఈ తేడా దగ్గరే వస్తాయి.

అపోహ: "అక్కా, స్విట్జర్లాండ్ ఈయూ (యూరోపియన్ యూనియన్)లో లేదు కదా, వేరే వీసా తీసుకోవాలా?"

వాస్తవం: అక్కర్లేదు. చూడాల్సింది ఆ దేశం ఈయూలో ఉందా అని కాదు, షెంజెన్‌లో, అంటే తమ మధ్య మామూలుగా సరిహద్దు తనిఖీలు లేని దేశాల కూటమిలో, ఉందా అని. స్విట్జర్లాండ్, నార్వే, ఐస్‌లాండ్ ఈయూ బయట ఉన్నా షెంజెన్‌లో ఉన్నాయి. ఐర్లాండ్ ఈయూలోనే ఉంది, కానీ షెంజెన్‌లో లేదు. డబ్లిన్‌కు ఫ్లైట్ చౌకగా దొరికిందని టికెట్ కొనేసి, ఆ తర్వాత వీసా సంగతి అడిగేవాళ్లు ప్రతి ఏడాదీ ఉంటారు. లండన్‌కూ అంతే, విడిగా వీసా కావాల్సిందే. సీనియర్ల పాత సలహాలతోనూ జాగ్రత్త. క్రొయేషియా 2023లో షెంజెన్‌లో చేరింది. రొమేనియా, బల్గేరియాలు 2025 జనవరి 1 నుంచి పూర్తిగా లోపలికి వచ్చాయి.

జర్మనీ రెసిడెన్స్ పర్మిట్, పాస్‌పోర్ట్ రెండూ గడువులో ఉంటే, మిగతా షెంజెన్ దేశాల్లో ఏ 180 రోజుల్లో చూసినా 90 రోజుల వరకు ఉండొచ్చు. ఆ 90 రోజులు అన్ని దేశాలకూ కలిపి. జర్మనీలో ఉన్న రోజులు మాత్రం ఈ లెక్కలోకి రావు.

అపోహ: లోపల సరిహద్దులే లేవు, పాస్‌పోర్ట్ రూములో పెట్టి వెళ్లొచ్చు.

వాస్తవం: జర్మనీ 2024 సెప్టెంబర్ 16న తన భూ సరిహద్దులన్నిటి దగ్గరా తనిఖీలు మొదలుపెట్టి, గడువు పొడిగిస్తూ వచ్చింది. అర్ధరాత్రి బస్సు ఆపి, లైట్లు వేయించి, ఒక్కొక్కరి కాగితాలూ చూస్తారు. ఫోన్‌లో ఫొటో చూపిస్తే సరిపోదు. ఒరిజినల్ పాస్‌పోర్ట్, పర్మిట్ కార్డు రెండూ చేతిలో ఉండాలి.

అపోహ: మనది ఇండియా పాస్‌పోర్ట్ కాబట్టి మనకు యూరైల్ పాసే (యూరప్ బయట ఉండేవాళ్లకిచ్చే రైలు పాస్).

వాస్తవం: పాస్‌పోర్ట్ కాదు, ఎక్కడ నివాసం ఉంటున్నారన్నదే లెక్క. ఇక్కడ ఉంటున్నట్టు ఆధారం ఉంటే మీరు యూరప్‌లో ఉండేవాళ్లకిచ్చే ఇంటర్‌రైల్ పాస్ తీసుకోవాలి. 27 ఏళ్ల వరకు యూత్ ధర. అయితే మీరు ఉంటున్న దేశంలో ఆ పాస్ బయటికి పోవడానికొకసారి, తిరిగి రావడానికొకసారి మాత్రమే పనికొస్తుంది. ఫ్రాన్స్‌లోని టీజీవీ లాంటి హైస్పీడ్ రైళ్లలో పాస్ ఉన్నా సీటు రిజర్వేషన్‌కు విడిగా డబ్బు కట్టాలి. చాలామంది బడ్జెట్ తప్పేది ఇక్కడే.

మ్యూజియంలలో కూడా నివాసమే లెక్కలోకి వస్తుంది. పారిస్ లూవ్రలో, యూరప్ ఆర్థిక ప్రాంతంలో (ఈయూతో పాటు నార్వే, ఐస్‌లాండ్, లీక్టెన్‌స్టైన్) నివాసముండే 18–25 ఏళ్ల వాళ్లకు ప్రవేశం ఉచితం. మీ పర్మిట్ కార్డు చూపించాలి. మనవాళ్లు ఎందుకో ఇది అడగనే అడగరు, టికెట్ కొనుక్కుని మరీ వెళ్తారు!

అపోహ: డాయిచ్‌లాండ్ టికెట్ (జర్మనీ అంతటా చెల్లే నెలవారీ టికెట్) ఉంటే ఏ రైలైనా ఎక్కొచ్చు.

వాస్తవం: ప్రాంతీయ రైళ్లు, సిటీ రైళ్లు, బస్సులు, ట్రాములే. ఐసీఈ, ఐసీ లాంటి దూరప్రయాణపు రైళ్లలో చెల్లదు. 2023లో 49 యూరోలతో మొదలై 2026 జనవరి నుంచి 63 అయింది. కానీ అదే టికెట్‌తో సరిహద్దు దాటి ఆస్ట్రియాలోని సాల్జ్‌బర్గ్ స్టేషన్ దాకా వెళ్లొచ్చని తెలిస్తే అందరూ ఆశ్చర్యపోతారు. స్టేషన్లలో గేట్లు లేవు కాబట్టి ఎవరూ అడగరనుకుంటే మాత్రం పొరపాటే. టికెట్ లేకుండా దొరికితే 60 యూరోలు కట్టాలి.

అపోహ: ఇన్సూరెన్స్ కార్డు వెనక యూరప్ ఆరోగ్య బీమా కార్డు ఉంది, ఎక్కడైనా చూపించొచ్చు.

వాస్తవం: మీరు నివాసులే అయినా, ఇక్కడ మాత్రం పౌరసత్వం అడ్డొస్తుంది. జర్మనీ పబ్లిక్ ఇన్సూరెన్స్ కార్డు వెనక ఉండే ఆ యూరప్ కార్డు ఈయూ దేశాల్లో పనిచేస్తుంది. కానీ ఈయూయేతర పౌరులకు డెన్మార్క్, నార్వే, ఐస్‌లాండ్, లీక్టెన్‌స్టైన్, స్విట్జర్లాండ్‌లలో చెల్లదు. ఆల్ప్స్‌లో ఫ్రాన్స్ వైపు కాలు విరిగితే కార్డు పనికొస్తుంది, కొండ దిగి స్విట్జర్లాండ్ వైపు విరిగితే బిల్లు మీదే. ఆ ఐదు దేశాలకు వెళ్లేటప్పుడు ట్రావెల్ ఇన్సూరెన్స్ విడిగా తీసుకుని బయల్దేరండి.