ఆన్‌లైన్ తరగతిలో రాసేదెవరు, చదివి ఊరుకునేదెవరు

ఆదివారం రాత్రి పదకొండు దాటాక ఏదైనా ఆన్‌లైన్ కోర్సు చర్చా వేదికలోకి వెళ్లి చూడండి. వారమంతా ఉలుకూపలుకూ లేని చోట ఒక్కసారిగా సందడి మొదలవుతుంది. "మీ పోస్టు చాలా బాగుంది. మీ రెండో పాయింటుతో పూర్తిగా ఏకీభవిస్తున్నాను." దాని కిందే ఇంకొకరు ఇంకెవరికో దాదాపు అదే మాట. గడువు పదకొండు యాభై తొమ్మిది. వారానికి ఒక పోస్టు, తోటివాళ్లకు రెండు రిప్లైలు, వాటికిన్ని మార్కులు అని నిబంధన. పన్నెండు కొట్టాక ఎవరూ ఉండరు. తనకొచ్చిన రిప్లైకి తిరిగి జవాబిచ్చేవాళ్లు అరుదు.

అదే కోర్సులో పక్కనే 'సందేహాలు' అని ఇంకో విభాగం ఉంటుంది. దానికి మార్కుల్లేవు. "మూడో లెక్కలో నా ప్రోగ్రాం ఆగకుండా తిరుగుతూనే ఉంది" అని ఒకరు రాస్తారు. కాసేపటికి ఇంకొకరు "లూప్ లోపల ఐ విలువ పెంచారా?" అని అడుగుతారు. "అయ్యో, మర్చిపోయాను!" అంతే, మూడు ముక్కలు. తర్వాత అదే లెక్క దగ్గర ఇరుక్కున్న వాళ్లంతా వచ్చి ఆ మూడు ముక్కలూ చదువుకుని వెళ్తారు. ఒక్కరూ ఏమీ రాయరు.

ఈ రెండు విభాగాల మధ్య తేడా ఇవాళ్టిది కాదు, దాని వెనక యాభై ఏళ్ల కథ ఉంది.

అమెరికాలోని ఇల్లినాయ్ విశ్వవిద్యాలయంలో 1960లో 'ప్లేటో' అనే కంప్యూటర్ బోధన వ్యవస్థ మొదలైంది. విద్యార్థి, తెర, పాఠం: అందులో ఇంకో మనిషికి చోటు లేదు. వ్యవస్థలో ఏదైనా తేడా వస్తే వాడేవాళ్లు ఒక ఉమ్మడి ఫైలులో రాసిపెట్టేవారు. ఆ ఫైలును ఎవరైనా తెరవొచ్చు, ఒకరి రాతను ఇంకొకరు చెరిపేయొచ్చు, పక్కవాడి పేరుతో సంతకమూ పెట్టేయొచ్చు. ఈ గోల భరించలేక 1973లో, అప్పటికి పదిహేడేళ్ల డేవిడ్ వూలీకి వేరే ప్రోగ్రాం రాసే పని అప్పగించారు. అతను రాసిన 'నోట్స్'లో ప్రతి మాటకూ తేదీ, రాసినవారి పేరు వాటంతటవే పడేవి. ఒక్కో నోటు కింద 63 జవాబులదాకా పట్టేవి. తప్పులు చెప్పుకోవడానికి పెట్టిన చోట జనం అన్నీ మాట్లాడుకోవడం మొదలుపెట్టారు. ఒక పోస్టు, దాని కింద వరుసగా జవాబులు ఉండే ఇవాళ్టి 'థ్రెడ్' రూపం దాదాపు అదే. గమనించాల్సింది ఏమిటంటే, పాఠాలు తయారుచేసినవాళ్లెవరూ దాన్ని బోధనలో భాగంగా అనుకోలేదు. ఎక్కడో ఇరుక్కుని, సాయం కావాల్సినవాళ్ల కోసం వచ్చింది.

బోధన కోసమే వాడి చూసినవాళ్లు ఆ తర్వాత వచ్చారు. అమెరికాలోని న్యూజెర్సీలో మరే టురాఫ్, స్టార్ రాక్సాన్ హిల్ట్జ్ అనే పరిశోధకులు 1980లలో కంప్యూటర్ కాన్ఫరెన్సింగ్ (కంప్యూటర్ల ద్వారా రాతలో మాట్లాడుకోవడం) మీద 'వర్చువల్ క్లాస్‌రూమ్' ప్రయోగాలు చేశారు. అందరూ ఒకే సమయానికి కూర్చోనక్కర్లేదు; తరగతిలో చెయ్యెత్తే లోపే అవకాశం పోగొట్టుకునే నిదానస్తులకు ఆలోచించుకుని రాసే వీలు దొరుకుతుంది. ఆ వాదనలో బలం ఉంది, ఇప్పటికీ ఉంది. 1988లో బ్రిటన్ ఓపెన్ యూనివర్సిటీ ఒక ఐటీ కోర్సులో వెయ్యి మందికి పైగా విద్యార్థులను కెనడాలో తయారైన 'కోసీ' అనే వ్యవస్థతో ఇంటి నుంచే కలిపింది. మోడెమ్ గీపెడుతుంటే ఫోన్ బిల్లు పెరిగే రోజులవి. జవాబు రాయడానికి లైన్లో కూర్చున్న ప్రతి నిమిషానికీ డబ్బు కట్టాలి. చాలామంది తెరిచారు, చదివారు, ఊరుకున్నారు.

దూరవిద్యలో సంబంధాలు మూడు రకాలని 1989లో మైఖేల్ మూర్ అనే దూరవిద్య పరిశోధకుడు విడదీసి చెప్పారు: విద్యార్థికీ పాఠానికీ, విద్యార్థికీ గురువుకీ, విద్యార్థికీ విద్యార్థికీ. పోస్టు ద్వారా నడిచిన పాత దూరవిద్యలో మూడోది దాదాపు లేదు. ఆ లోటు తీర్చే సాధనం దొరికిందన్న ఉత్సాహం తర్వాతి పదేళ్లంతా కనిపిస్తుంది. కోర్సులను ఆన్‌లైన్‌లో నడిపే సాఫ్ట్‌వేర్లు వచ్చాయి: 1997లో బ్లాక్‌బోర్డ్ సంస్థ మొదలైంది, 2002లో మూడుల్ వచ్చింది. ఈ రకం వ్యవస్థల్లో చర్చా వేదిక అడగకుండానే అందే వస్తువైపోయింది. దాంతోపాటు ఇంకో సౌకర్యమూ వచ్చింది: ఎవరు ఎన్ని పోస్టులు పెట్టారో యంత్రమే లెక్క కట్టి చూపిస్తుంది. లెక్కకు అందేదానికి మార్కులు వెయ్యడం ఎంతసేపు! ఆదివారం రాత్రి సందడి మూలం ఇక్కడుందని నా అభిప్రాయం. టీచర్ల తప్పు అనను. మార్కుల్లేకపోతే వేదిక ఖాళీగా ఉంటుందన్నది వాళ్ల అనుభవం. కానీ మార్కులు పెట్టాక నిండింది వేదికే తప్ప చర్చ కాదు.

ఇది అప్పుడే కనిపించింది కూడా. ఆన్‌లైన్ చర్చల నాణ్యతను కొలవడానికి గారిసన్, ఆండర్సన్, ఆర్చర్ అనే ముగ్గురు కెనడా పరిశోధకులు ఒక పద్ధతి కట్టారు. ప్రశ్న లేవనెత్తడం, తలా ఒక మాట చెప్పడం, ఆ మాటలను కలిపి అల్లడం, చివరికి ఒక తీర్పుకు రావడం అని నాలుగు మెట్లు. 2001లో ప్రచురించిన తొలి పరిశీలనలో 42 శాతం మెసేజ్‌లు రెండో మెట్టు దగ్గరే ఉన్నాయి. అల్లిక 13 శాతం, తీర్పు 4 శాతం. చిన్న నమూనాయే, నిజమే. అయినా ఇలాంటి చర్చలో వారం గడిపిన ఎవరికైనా ఆ అంకెలు వింతగా అనిపించవు.

తర్వాత జనం లక్షల్లో వచ్చిపడ్డారు. 2012లో ఎంఐటీ అందరికీ ఉచితంగా తెరిచిన సర్క్యూట్లు, ఎలక్ట్రానిక్స్ కోర్సులో 1,54,763 మంది పేర్లు నమోదయ్యాయి. సర్టిఫికెట్ దాకా వెళ్లినవాళ్లు 7,157. మొత్తం నమోదైనవాళ్లలో చర్చా వేదికలో రాసినవాళ్లు సుమారు 3 శాతమే. మామూలుగా ఈ అంకె చూపించి చర్చ విఫలమైందంటారు. కానీ అదే పరిశోధన ఇంకో సంగతీ చెప్పింది. హోంవర్క్ చేస్తున్నప్పుడు విద్యార్థులు అన్నిటికన్నా ఎక్కువగా తెరిచింది ఆ చర్చలనే. వేదికలో జరిగిన కదలికలో 90 శాతానికి పైగా, అంతకుముందు ఎవరో రాసింది చదవడమే. చదివి ఊరుకునేవాళ్లను ఇంగ్లిషులో 'లర్కర్లు' అని, పొంచి ఉండేవాళ్లన్నట్టు పిలుస్తారు. నాకు ఆ పేరు నచ్చదు. లైబ్రరీలో కూర్చుని చదువుకునేవాణ్ని పొంచి ఉన్నాడంటామా?

అయితే రాయనివాళ్లందరూ హాయిగా చదువుకుంటున్నవాళ్లే అనుకోకూడదు. రాయాలని ఉండీ జంకేవాళ్లున్నారు. పూజా శంకర్ ఐఐటీ కాన్పూర్‌లో కంప్యూటర్ సైన్స్ చదివినప్పుడు తరగతిలో అమ్మాయిలు వేళ్ల మీద లెక్కపెట్టేంతమందే. మగపిల్లలు కలిసి కూర్చుని లెక్కలు చేసుకుంటుంటే, అడగడానికి మొహమాటపడి ఆమె ఒంటరిగా కుస్తీ పట్టేవారు. ఆ జ్ఞాపకంతోనే 2009లో విద్యార్థులు ప్రశ్నలు అడిగి జవాబులు పొందే 'పియాజా' అనే ఆన్‌లైన్ వేదిక మొదలుపెట్టారు. పేరు దాచుకుని ప్రశ్న అడిగే వీలు అందులో ముఖ్యమైన సంగతి.

పేరు కనబడితే ఏమవుతుందో 2018లో బయటికొచ్చిన ఒక స్టాన్‌ఫర్డ్ పరిశోధన చూపించింది. 124 ఆన్‌లైన్ కోర్సుల్లో కల్పిత విద్యార్థుల పేర్లతో కామెంట్లు పెట్టారు. శ్వేతజాతి, నల్లజాతి, భారతీయ, చైనా పేర్లు, ఆడా మగా. బోధకులు జవాబిచ్చింది సగటున 7 శాతానికి. శ్వేతజాతి మగపేరుంటే మాత్రం 12 శాతానికి. వీళ్లలో ఎవరూ కావాలని పక్షపాతం చూపి ఉండరు. వందల పోస్టుల్లో కన్ను ఎక్కడ ఆగుతుందన్నదే తేడా కావచ్చు.

వందల పోస్టులకు జవాబులివ్వలేకే 2016లో అమెరికాలోని జార్జియా టెక్ విశ్వవిద్యాలయంలో ప్రొఫెసర్ అశోక్ గోయెల్ తన కోర్సులో జిల్ వాట్సన్ అనే టీచింగ్ అసిస్టెంట్‌ను పెట్టారు. తరగతిలో 300 మంది, సెమిస్టర్‌కు దాదాపు 10,000 మెసేజ్‌లు. జిల్ మనిషి కాదని, ప్రోగ్రామని సెమిస్టర్ చివర్లో చెప్పేదాకా చాలామందికి తెలియదు. జిల్ జవాబులైనా అందరూ చూసే చోటే ఉండేవి.

2022 నవంబరులో చాట్‌జీపీటీ వచ్చాక ఆ చోటు మారింది. లూప్ ఆగని విద్యార్థి ఇప్పుడు పక్క కిటికీ తెరిచి దాన్ని అడగొచ్చు. జవాబు క్షణంలో వస్తుంది, ఎవరి ముందూ చిన్నబోనక్కర్లేదు. కిటికీ మూసేస్తే ఆ మూడు ముక్కలు ఇంకెవరికీ కనబడవు. తర్వాత అదే లెక్క దగ్గర ఇరుక్కున్నవాళ్లు సందేహాల విభాగానికొస్తే చదవడానికి అక్కడ ఏమీ ఉండదు. మార్కుల విభాగానికి మాత్రం ఆ బెంగ లేదు. ఏకీభవించే రిప్లైలు రెండు రాసిపెట్టమంటే, వాటినీ ఆ కిటికీయే రాసిస్తుంది.