పసుపు దీపం వెనుక 2016 నాటి తగవు

"వారాంతంలో ఒకసారి తిరుపతి వెళ్లి రండి సార్, లైటు ఆరిపోతుంది." బెంగళూరులో వైట్‌ఫీల్డ్, మారతహళ్లి వైపు డీజిల్ ఎస్‌యూవీ ఉన్న తెలుగు కుటుంబాలకు సర్వీసు సెంటర్లలో దొరికే సలహా ఇది. మొక్కు కోసం కాదు, పొగ గొట్టంలో మసిని పట్టి ఉంచే డీపీఎఫ్ అనే వడపోత కోసం. అందులో మసి నిండితే డ్యాష్‌బోర్డుపై పసుపు దీపం వెలుగుతుంది. వడపోత పూడుకుపోయి ఇంజిన్ దెబ్బతింటే ఖర్చు ఎవరు పెట్టుకోవాలన్న తగవు మళ్లీ రాజుకుంది. తప్పంతా నడిపేవారిదే అంటున్నవారు 2016 జనవరిని గుర్తు చేసుకోవాలి.

ఆ నెల 6న కేంద్రం వాహనాల పొగకు హద్దులు పెట్టే భారత్ స్టేజ్ (బీఎస్) ప్రమాణాల్లో బీఎస్-5ను దాటవేసి నేరుగా బీఎస్-6కు వెళ్తామని ప్రకటించింది. గడువు 2020 ఏప్రిల్ 1. అంతకుముందు 2014లో నిపుణుల కమిటీ సూచించిన క్రమం వేరు: 2020లో ఐదు, 2024లో ఆరు. యూరప్‌లో ఈ వడపోత అక్కడి ప్రమాణమైన యూరో-5తో ముందే వచ్చింది, నైట్రోజన్ ఆక్సైడ్లకు గట్టి కళ్లెం యూరో-6తో తర్వాత పడింది. మనకు రెండూ ఒకేసారి వచ్చిపడ్డాయి. డీజిల్ కారు వదలదగిన మసి కిలోమీటరుకు 25 మిల్లీగ్రాముల నుంచి 4.5కు దిగింది. ఢిల్లీ గాలి పీల్చినవారెవరూ ఆ నిర్ణయాన్ని తప్పుపట్టరు, నేనూ పట్టను.

అయితే అప్పట్లో వాహన పరిశ్రమ చేసిన వాదన ఒకటుంది. వడపోతలో పేరుకున్న మసి కాలిపోవాలంటే సుమారు 600 డిగ్రీల వేడి కావాలి, మన రోడ్లపై వేగాలు తక్కువ, ఇక్కడి పరిస్థితులకు సరిచేసుకోవడానికి వ్యవధి ఇవ్వండి అన్నది దాని సారాంశం. ఇవాళ యజమానులు చెబుతున్నదీ అక్షరాలా అదే. కాకపోతే వారంటీ అడిగినప్పుడు రోడ్డు సంగతి పక్కకు పోయి, "మీరు నడిపే తీరు సరిగా లేదు" అన్న మాట ముందుకొస్తోంది.

టామ్‌టామ్ సంస్థ 2024 లెక్కలో బెంగళూరులో 10 కిలోమీటర్లు వెళ్లడానికి సగటున 34 నిమిషాలు పట్టింది. మసి కాలడానికి కావలసింది పావుగంటో ఇరవై నిమిషాలో ఆగకుండా సాగే ప్రయాణం. సిల్క్ బోర్డు కూడలి మీదుగా ఆఫీసుకు వెళ్లేవారికి అది ఎక్కడ దొరుకుతుంది? వేడి పెంచడానికి చాలా ఇంజిన్లు అదనంగా డీజిల్ చిమ్ముతాయి. మధ్యలో బండి ఆపేస్తే పని సగంలో ఆగుతుంది, మర్నాడు మళ్లీ మొదలవుతుంది. కాలని డీజిల్ సిలిండర్ గోడల వెంట జారి ఇంజిన్ ఆయిల్‌లో కలుస్తుంది. ఆయిల్ మట్టం చూసే పుల్ల, డిప్‌స్టిక్ తీసి చూస్తే ఆయిల్ తగ్గడానికి బదులు పెరిగి ఉంటుంది. చూసి మురిసిపోవలసిన పెరుగుదల కాదది. పలచబడిన ఆయిల్ టర్బోనూ బేరింగులనూ కాపాడలేదు.

పైగా బీఎస్-6 మొదలైన రోజుకు దేశం లాక్‌డౌన్‌లో ఉంది. ఆ తర్వాత ఇంటి నుంచే ఉద్యోగాలు. కూరగాయలకూ మందుల దుకాణానికీ తిరిగిన కొత్త బండికి ఇంజిన్ పూర్తిగా వేడెక్కే అవకాశమే రాలేదు. నెలకోసారి చిత్తూరుకో అనంతపురానికో వెళ్లొచ్చే ఇళ్లలో అదే బండి నిక్షేపంగా నడిచింది.

దీపం వెలిగినా పట్టించుకోనివారు, తక్కువ బూడిద మిగిల్చే ఆయిల్‌కు బదులు చవకది పోయించేవారు ఉన్నారని కంపెనీలు అంటాయి. అదీ నిజమే.

2020 జులై 20న అమల్లోకి వచ్చిన వినియోగదారుల రక్షణ చట్టం, అవసరమైన సమాచారాన్ని కావాలని దాచడాన్ని కూడా సేవాలోపంగా లెక్కిస్తుంది. యజమానులు ఇప్పుడు పట్టుకున్నది ఆ మాటనే. షోరూములో రంగు గురించి, సన్‌రూఫ్ గురించి, నెలవారీ వాయిదా గురించి గంటసేపు మాట్లాడతారు. రోజూ ఎంత దూరం, ఏ దారిలో తిరుగుతారని అడిగి పెట్రోలు బండి చూపించేవారు అరుదు. వడపోత గురించి రాసిన పేరా యజమాని పుస్తకంలో ఉంటుంది. ఆ పుస్తకం చేతికొచ్చేది డబ్బంతా కట్టి తాళాలు అందుకున్న రోజున.