మడమ ముందు ఆనితే మోకాళ్లు పోవు

ఆగస్టులో హైదరాబాద్ మారథాన్. జూన్ వచ్చిందంటే చాలు, ఫిజియోగా నాకు రోజూ ఒకటే ప్రశ్న: "మేడమ్, పరిగెత్తేటప్పుడు నా మడమే ముందు ఆనుతోంది. మోకాళ్లు పోతాయట కదా?"

పోవు. ఎక్కువ దూరం పరిగెత్తేవాళ్లలో చాలామందికి ముందు ఆనేది మడమే. మునిపాదం మీద దిగితే మోకాలి మీద భారం కొంత తగ్గే మాట నిజమే. కానీ ఆ భారం మాయమైపోదు, పిక్క మీదా, పిక్కని మడమకి కలిపే అకిలిస్ స్నాయువు మీదా పడుతుంది.

పోయిన ఏడాది ఒక కుర్రాడు వచ్చాడు. ఏ నొప్పీ లేకుండా వారానికి మూడుసార్లు 10 కిలోమీటర్లు పరిగెత్తేవాడు. వాట్సాప్‌లో ఎవరో పంపిన వీడియో చూసి రాత్రికి రాత్రి మునిపాదం మీదకి మారాడు. మూడో వారానికల్లా పొద్దున్నే మంచం దిగితే గోడ పట్టుకుని నడవాల్సి వచ్చింది. బోర్లా పడుకోబెట్టి, మడమకి రెండు వేళ్లు పైన పట్టి నొక్కానో లేదో, కాలు లాగేసుకున్నాడు. నాలుగు నెలలు పరుగు లేదు, రేసూ పోయింది. "నాదే తప్పు మేడమ్" అని తల దించుకుంటే నాకు కడుపు తరుక్కుపోయింది. నొప్పి లేనివాడి పరుగు మార్చమని చెప్పినవాళ్లది కదా తప్పు!

మోకాలిచిప్ప చుట్టూ నొప్పి మళ్లీ మళ్లీ వస్తుంటే అప్పుడు మారుద్దాం. అప్పుడైనా నేను ముందు చూసేది కేడెన్స్. నిమిషానికి ఎన్ని అడుగులు పడుతున్నాయో లెక్కపెట్టి, స్పీడు పెంచకుండా అడుగులు మాత్రం 5 నుంచి 10 శాతం పెంచుతాం. 160 పడేవాళ్లకి 168 చాలు. అడుగు చిన్నదై, పాదం మరీ ముందుకి పోకుండా ఒంటికి దగ్గరగా పడుతుంది. మోకాలికి ఊరట అక్కడే. టిక్ టిక్ అని లయ వేసే మెట్రోనోమ్ యాప్ పెట్టుకుని మొదట ఒక్కో నిమిషం చొప్పున, వారాల తరబడి అలవాటు చేసుకోవాలి.

అందరికీ నిమిషానికి 180 అడుగులు ఉండాలన్నది పుకారు. 1984 లాస్ ఏంజెలెస్ ఒలింపిక్స్‌లో కోచ్ జాక్ డేనియల్స్ లెక్కపెట్టిన అడుగులు ప్రపంచస్థాయి రన్నర్లవి, అదీ రేసులో. మీ పొద్దుటి జాగింగ్‌కి ఆ లెక్క ఎందుకు?

ఖరీదైన షూ కొంటే టెక్నిక్ దానంతటదే రాదు. టెక్నిక్ బాగుంది కదా అని కిలోమీటర్లు ఒక్కసారిగా పెంచేస్తే ఒళ్లు ఊరుకోదు.

ఒక్కటి మాత్రం వాయిదా వేయకండి. మోకాలి కింద ముందు ఎముక మీద "ఇదిగో, ఇక్కడే" అని ఒక్క వేలితో చూపించగలిగే నొప్పి ఉండి, రాత్రిపూట కూడా సలుపుతుంటే ఎముకలో సన్నటి పగులు కావచ్చు. కేడెన్స్ సంగతి తర్వాత, ముందు పరుగు ఆపి ఎముకల డాక్టర్‌కి చూపించుకోండి.