సైటేషన్లు ఎన్నొచ్చాయన్నది సరే, ఎందుకొచ్చాయి?

మా ఫార్మకాలజీ డిపార్ట్‌మెంట్ అటెండర్‌ది టెక్కలి దగ్గర ఊరు. ఆమధ్య ఒక ఉదయం న్యూస్‌పేపరు మడిచి చంకలో పెట్టుకుని నా గదిలోకి వచ్చాడు. "ఏటి మేడమ్, మన విశాఖ సార్లు ప్రపంచంలోనే రెండు శాతంలో ఉన్నారట. మరి మీరు లేరేటి?" అన్నాడు. నేను నవ్వేసి ఊరుకున్నాను గానీ, ఆ ప్రశ్న అతనొక్కడిదే కాదు. ఇక్కడ మెడికల్ కాలేజీలో పాఠాలు చెప్పడంతో పాటు పదేళ్లుగా రీసెర్చ్ కమిటీ పని కూడా చూస్తున్నాను. పీజీల థీసిస్‌లు, తోటివాళ్ల ప్రమోషన్ ఫైళ్లు నా టేబుల్ మీదుగానే వెళ్తాయి. ఒకరి పేపర్‌ని ఇంకొకరు తమ పేపర్లో ఉదహరిస్తే అది ఒక సైటేషన్. ఆ ఫైళ్లలో కనిపించే ఇలాంటి అంకెల గురించి చదువుకున్నవాళ్లే నమ్ముతున్న కొన్ని సంగతులు ఇక్కడ రాస్తున్నాను.

అపోహ: ప్రపంచంలో పై రెండు శాతం శాస్త్రవేత్తలంటూ వార్తల్లో వచ్చే జాబితా స్టాన్‌ఫర్డ్ యూనివర్సిటీ ఇచ్చే అవార్డు.

అవార్డూ కాదు, ఎంపికా కాదు. స్టాన్‌ఫర్డ్‌లో పనిచేసే జాన్ అయొనిడిస్, ఆయన సహచరులు స్కోపస్ (పేపర్లనీ వాటి సైటేషన్లనీ నమోదుచేసే డేటాబేస్) డేటాతో ఏటా వేసే లెక్క అది. మొత్తం సైటేషన్లు, హెచ్-ఇండెక్స్ (దీని సంగతి కింద చెబుతాను), రచయితల వరసలో పేరు ఎక్కడుంది వంటి ఆరు కొలతలు కలిపి ఒక స్కోరు కడతారు. మొదటి లక్షమందిలోనో, తన ఉపవిభాగంలో పై రెండు శాతంలోనో ఉంటే పేరు వస్తుంది. ఎవరూ దరఖాస్తు పెట్టరు, ఎవరూ పేపర్లు చదివి మార్కులు వేయరు. పైగా జాబితాలు రెండు: కెరీర్ మొత్తానిది ఒకటి, ఒక్క ఏడాదిది ఇంకొకటి. వార్తలో ఏ జాబితానో రాయరు. శాలువా కప్పేముందు అది అడిగితే బాగుంటుంది.

అపోహ: వందలమంది సైట్ చేశారంటే పేపర్లో చెప్పింది నిజమని లోకం ఒప్పుకున్నట్టే.

మా సబ్జెక్టులోనే దీనికి భయంకరమైన ఉదాహరణ ఉంది. 1980 జనవరిలో న్యూ ఇంగ్లండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్‌లో ఒక ఉత్తరం అచ్చయింది. రాసినవాళ్లు జేన్ పోర్టర్, హెర్షెల్ జిక్. మొత్తం ఐదు వాక్యాలు. ఆసుపత్రిలో చేరిన రోగుల రికార్డులు చూశామని, నార్కోటిక్ మందు (మార్ఫిన్ లాంటి నొప్పి మందు, ఓపియాయిడ్ అన్నా ఇదే) ఒక్కసారైనా తీసుకున్నవాళ్లు 11,882 మంది ఉంటే, అంతకుముందు అలవాటు లేనివాళ్లలో వ్యసనం సరిగ్గా నమోదైంది నలుగురికేనని అందులో ఉంది. అంతే. రోగులు ఇంటికి వెళ్లాక ఏమైందో లేదు. నెలల తరబడి మాత్రలు మింగినవాళ్ల సంగతి లేదు.

ఆ ఐదు వాక్యాలకు దొరికిన సైటేషన్లు 608. ఆ 608నీ తెరిచి చదివి లెక్కతేల్చిన విశ్లేషణ 2017లో అదే జర్నల్‌లో వచ్చింది. నూటికి 72 మంది ఆ ఉత్తరాన్ని ఓపియాయిడ్లతో వ్యసనం అరుదు అనడానికి రుజువుగా వాడుకున్నారు. నూటికి 80 మందికి పైగా అది ఆసుపత్రిలో చేరిన రోగుల సంగతన్న ముక్కే రాయలేదు. ఆక్సీకాంటిన్ అనే ఓపియాయిడ్ మాత్ర మార్కెట్లోకి వచ్చాక ఈ సైటేషన్లు ఇంకా పెరిగాయి. అమెరికాలో ఓపియాయిడ్ల వల్ల ఎన్ని కుటుంబాలు కూలిపోయాయో అందరికీ తెలిసిందే. దానికి ఈ ఉత్తరం ఒక్కటే కారణమని నేననను. కానీ ఒకరు రాసింది చూసి ఇంకొకరు, అసలుది తెరవకుండా రిఫరెన్సు ఎత్తి రాసుకోవడం ఎంతదూరం పోతుందో అందులో కనిపిస్తుంది.

ఈ సంగతి చదివాక నా పేపర్ల మీదా అనుమానం వచ్చింది. మా ఓపీ చీటీల మీద నేను రాసిన ఒక చిన్న పేపర్‌కి 14 సైటేషన్లున్నాయి. ఓ వేసవి సెలవుల్లో అన్నీ దింపుకుని చదివాను. ఒక్క ఆసుపత్రిలో మూడు నెలలు చూసి రాసినదాన్ని నలుగురు 'దక్షిణ భారతదేశంలో యాంటీబయాటిక్‌ల వాడకం' చేసేశారు. ఒకరైతే మలేరియా మందుల దగ్గర నా పేరు పెట్టారు. నా పేపర్లో మలేరియా అన్న మాటే లేదు! ఆ 14లో నా పనిని నిజంగా ఉపయోగించుకున్నవి మూడు. ఎవరో మనవైపు వేలు చూపించారన్నదే అంకెలోకి వస్తుంది. మెచ్చుకుని చూపించారా, తప్పుపట్టి చూపించారా, జాగా నింపడానికి చూపించారా అన్నది రాదు.

వెనక్కి తీసుకున్న పేపర్లకీ సైటేషన్లు వస్తూనే ఉంటాయి. కోవిడ్ రోజుల్లో హైడ్రాక్సీక్లోరోక్విన్ మీద లాన్సెట్‌లో 2020 మేలో వచ్చిన పేపర్‌ని జూన్ మొదట్లోనే రిట్రాక్ట్ చేశారు. ఆ తర్వాత కూడా దాన్ని మామూలు పేపర్‌లాగే ఉదహరించినవాళ్లున్నారు. పీజీలకు ఒక మాట: రిఫరెన్సులు జోటెరో అనే సాఫ్ట్‌వేర్‌లో పెట్టుకోండి. అది ఉచితం, రిట్రాక్ట్ అయిన పేపర్ ఉంటే ఎర్రగా హెచ్చరిస్తుంది.

అపోహ: హెచ్-ఇండెక్స్ చూస్తే మనిషి సత్తా తెలిసిపోతుంది.

దీన్ని 2005లో ప్రతిపాదించిన హోర్హే హిర్ష్ భౌతికశాస్త్రవేత్త, డాక్టర్ కాదు. మీ పేపర్లలో పదింటికి కనీసం పదేసి సైటేషన్లుంటే మీ హెచ్-ఇండెక్స్ 10. ఇప్పుడు ఇద్దరిని చూడండి. ఒకరి ఐదు పేపర్లకు 900, 4, 3, 2, 0. ఇంకొకరివి మూడే పేపర్లు, మూడింటికీ మూడేసి. ఇద్దరి హెచ్-ఇండెక్స్ మూడే. ఇది ఏళ్లు గడిచేకొద్దీ పెరుగుతుందే గానీ తగ్గదు, మన ఇంక్రిమెంట్‌లాగా. నిన్న చేరిన అసిస్టెంట్ ప్రొఫెసర్‌ని, రిటైర్‌మెంట్‌కి దగ్గరైన హెచ్‌ఓడీని ఒకే తక్కెడలో పెట్టడానికి అస్సలు పనికిరాదు.

అపోహ: ఇంపాక్ట్ ఫ్యాక్టర్ ఎక్కువున్న జర్నల్లో పడితే పేపరూ గొప్పదే.

ఇంపాక్ట్ ఫ్యాక్టర్ జర్నల్‌ది, మీ పేపర్‌ది కాదు. 2022, 2023ల్లో ఆ జర్నల్ వేసిన పేపర్లకు 2024లో వచ్చిన సైటేషన్లను ఆ పేపర్ల సంఖ్యతో భాగిస్తే వచ్చేదే 2024 ఇంపాక్ట్ ఫ్యాక్టర్. అంటే సగటు. ఫిషింగ్ హార్బర్‌లో నెత్తళ్ల గంపలో ఒక్క వంజరం పడేస్తే సగటు బరువు పెరుగుతుంది, నెత్తళ్లు పెరగవు. రివ్యూ వ్యాసాలు (ఇతరుల పేపర్లను కలిపి సమీక్షించేవి) ఎక్కువ వేసే జర్నల్‌కి సగటు మామూలుగానే ఎక్కువ. అసలు ఇంపాక్ట్ ఫ్యాక్టర్ ఇచ్చేది క్లారివేట్ అనే కంపెనీ ఒక్కటే. 'గ్లోబల్', 'యూనివర్సల్' అని ముందు తగిలించుకుని మెయిల్లో వచ్చేవాటికి విలువ లేదు. ప్రమోషన్ తొందరలో నేనూ ఒకసారి అలాంటి జర్నల్‌కి డబ్బు కట్టాను. రెండేళ్లకి వెబ్‌సైటే లేదు, నా పేపరూ లేదు.

అపోహ: సైటేషన్లు రాకపోతే చేసిన పని వృథా.

మా బయోకెమిస్ట్రీవాళ్లకి ఫిస్కే-సుబ్బారావు పద్ధతి అంటే తెలియనిది కాదు. రక్తంలో ఫాస్ఫరస్ కొలిచే ఆ పద్ధతి 1925లో అచ్చయింది. అందులో సుబ్బారావు మన భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావే. పద్ధతి చెప్పే పేపర్లకు సైటేషన్లు దండిగా వస్తాయి, ఎందుకంటే ఆ పరీక్ష చేసిన ప్రతివాళ్లూ పేరు రాయాలి. ప్రోటీన్ కొలిచే లౌరీ పద్ధతి పేపర్ (1951) ఇలాగే మూడు లక్షలు దాటింది. ఇక సుబ్బారావుగారి కథలో రెండో సగం చూడండి. లెడర్లీ అనే మందుల కంపెనీలో ఆయన బృందం తయారుచేసిన అమినోప్టెరిన్ అనే మందుతో పిల్లల లుకేమియా (రక్త క్యాన్సర్) తాత్కాలికంగా తగ్గిందని డాక్టర్ సిడ్నీ ఫార్బర్ 1948లో రాసిన పేపర్ కీమోథెరపీ చరిత్రలో మైలురాయి. ఆ పేపర్ రచయితల్లో సుబ్బారావు పేరు లేదు. మన తీరంలో బోదకాలు రాకుండా ఊరూరా పంచిన డీఈసీ మాత్ర కూడా ఆయన ఆధ్వర్యంలోని ల్యాబ్ నుంచి వచ్చిందే. మాత్ర మింగే మనిషి ఎవరినీ సైట్ చేయడు కదా.

దగ్గర్లోని సంగతే ఇంకొకటి. ఉద్దానంలో, అంటే కవిటి, సోంపేట, మందస, పలాస వైపు, కారణం తేలని కిడ్నీ జబ్బు మీద పనిచేసేవాళ్లు ప్రపంచంలో చాలా తక్కువమంది. శ్రీలంకలో, మధ్య అమెరికాలో ఇలాంటి జబ్బు మీద పనిచేసేవాళ్లను కలిపినా చిన్న గుంపే. ఆ ఊళ్లలో ఇల్లిల్లూ తిరిగి రక్తం తీసి రాసిన పేపర్‌కి వచ్చే సైటేషన్లు, ఏసీ గదిలో కూర్చుని రాసిన క్యాన్సర్ రివ్యూకి వచ్చేవాటితో ఎప్పటికీ తూగవు. అందుకే పోలిక ఎప్పుడైనా అదే విభాగంలో, అదే ఏడాదివాటితో చేయాలి.

అపోహ: స్కోపస్‌లో నా సైటేషన్లు తక్కువ చూపిస్తోందంటే అవి లేనట్టే.

ఇది తెలుగువాళ్ల సొంత తలనొప్పి. మనకి ఇంటిపేరు ముందు, అదీ పొడి అక్షరంలో. జర్నళ్లేమో ఇంటిపేరు చివర్లో ఉంటుందనుకుంటాయి. కె. శ్రీనివాసరావు ఒక పేపర్లో 'రావు కె.ఎస్.', ఇంకోదాంట్లో 'శ్రీనివాసరావు కె.', మరోదాంట్లో 'రావు ఎస్.' అవుతాడు. రావులు ఎంతమందో మీకు తెలుసు. ఆడవాళ్లం పెళ్లయ్యాక ఇంటిపేరు మారిస్తే ఇంకో ముక్క. నేను స్కోపస్‌లో కొన్నేళ్లు ముగ్గురిగా ఉన్నాను. అందులో ఒకరి ఖాతాలో ఎవరిదో దంతవైద్యం పేపర్ కూడా చేరింది. మూడింటినీ కలపమని అక్కడే అర్జీ పెట్టుకోవచ్చు, డబ్బు అక్కర్లేదు. మొదటి పేపర్ పంపేముందే పరిశోధకులకు ఇచ్చే 16 అంకెల గుర్తింపు సంఖ్య, ఆర్కిడ్ (ORCID) నంబర్ తీసుకుని, పేరు ఒకేలా రాస్తూ పోతే ఈ బాధే ఉండదు. ఇంకోటి, గూగుల్ స్కాలర్ థీసిస్‌లూ ప్రీప్రింట్లూ (జర్నల్ ఇంకా సమీక్షించని పేపర్లు) కూడా లెక్కేస్తుంది గనక అంకె మామూలుగా పెద్దగా ఉంటుంది. ఫైల్లో అంకె రాస్తే ఎక్కడిదో, ఏ తేదీదో పక్కన రాయండి.

అపోహ: సొంత పేపర్లను సైట్ చేసుకోవడం మోసం.

కాదు. పదేళ్లు ఒకే జబ్బు మీద పనిచేసినవాళ్లు తమ పాత పని చెప్పక ఏం చెబుతారు? సైటేషన్లలో సగానికి సగం సొంతవే అయినప్పుడు మాత్రం నేను ఫైలు పక్కన పెట్టి ఫోన్ చేస్తాను.

థీసిస్ రిఫరెన్సులు చూపించుకోవాలనుకునే పీజీలు మధ్యాహ్నం రెండు తర్వాత రండి. అసలు పేపర్లు ల్యాప్‌టాప్‌లో తెచ్చుకోండి. డిపార్ట్‌మెంట్ ప్రింటర్ మళ్లీ పాడైంది.